పడిందా? వేశారా?

దుబాసి లిఫ్టు ఎక్కుతుండగా కదా మనం కిందటి వారం ఆమెను వదిలిపెట్టింది! కాసేపట్లో సభ మొదలవుతుంది. రెండు పెద్ద దేశాలు ఎదురెదురుగా కూర్చుని ఒకదాన్నొకటి కడిగిపారేసే సభ అది. ఆ రెండింటి మధ్య నలిగిపోతున్న చిన్న దేశం దుబాసిది. ఉత్తర దేశం సైన్యంతో వచ్చిపడింది. సముద్రానికి అవతలున్న మిత్రదేశం విమానాలు పంపి ఆదుకుంటోంది. ఇన్నాళ్ళూ చంపేది ఎవరో, కాపాడేది ఎవరో చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ నది ఒడ్డున ఉత్తర సైనికులు ఆక్రమించుకున్న ఊళ్ళో ఒక ఆసుపత్రి కూలిపోయింది. ఆ బాంబు మిత్రదేశం విమానానిది. ఆసుపత్రిలో పనిచేసే నర్సుల్లో ప్రాణాలతో మిగిలింది ఒక్క హెడ్ నర్సు. ఆమెను వైద్యుల సంఘం వాళ్ళు సాక్షిగా సభకు రప్పించారు. ఆమె దుబాసికి స్వయానా వదిన, భర్తకు తోడబుట్టిన అక్క. ఆమె నోటివెంట వచ్చే ప్రతి మాటనూ ఇవాళ సభవారి భాషలోకి మార్చి చెప్పవలసింది దుబాసే.

లిఫ్టు తలుపులు మూసుకుంటూ ఉంటే మధ్యలో ఒక చెయ్యి అడ్డుపడింది.

ఆ చెయ్యి కార్యదర్శిది. దుబాసి దేశపు దౌత్య కార్యాలయంలో ఆయన మాటే చెల్లుబాటు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ రాత్రి నిద్రలేనట్టు ఉంటాడు. లోపలికి వచ్చి, దుబాసి నొక్కిన అంతస్తు కాదని, అట్టడుగు అంతస్తు మీట నొక్కాడు.

"ఒక్క మాట మాట్లాడాలి మేడమ్."

"సభకి టైమవుతోంది సార్."

"మీరు లేకుండా మొదలవదులెండి."

అట్టడుగు అంతస్తులో మిగులు కుర్చీలు పేర్చిపెట్టే గది ఒకటి ఉంది. సీలింగు దాకా కుర్చీలే. ఆయన పైనున్న కుర్చీ ఒకటి దించి, దుమ్ము దులిపి ఆమె ముందు వేశాడు. తను మాత్రం కూర్చోలేదు. తలుపు దగ్గరగా వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆదరంగా కుర్చీ వేసి తలుపు మూసే మనిషిని చూస్తే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది.

"పోయినేడు రొట్టెల దుకాణం సంగతి గుర్తుందా?" అన్నాడు.

గుర్తు లేకపోవడమేమిటి? రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడ్డ జనం మీద ఉత్తర దేశం విమానం బాంబు వేసింది. ఆ రోజు ఇదే సభలో మిత్రదేశపు రాయబారి లేచి నిలబడి, "బాంబులు వానచినుకులు కావు, వాటంతట అవి పడటానికి! ఎవరో వేస్తేనే పడతాయి. వేసిన చెయ్యి ఎవరిదో ప్రపంచానికి తెలియాలి!" అని గర్జించాడు. ఆ మాటల్ని తన భాషలోకి తెచ్చి చెప్పింది దుబాసే. రేడియోలో ఆ గొంతు ఊరూరా వినిపించింది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు ఆమె సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు కూరగాయల దుకాణంలో "అరకిలో ఇవ్వండి" అంటే చాలు, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకునేవారు.

"గుర్తుంది సార్."

"అప్పుడు ఉత్తర దేశం వాడేమన్నాడు?"

"'దురదృష్టవశాత్తూ ఒక బాంబు పడింది, విచారణ జరుపుతున్నాం, యుద్ధంలో ఇలాంటివి జరుగుతాయి' అన్నాడు."

"మీకేమనిపించింది?"

"మొహాన ఉమ్మెయ్యాలనిపించింది."

కార్యదర్శి నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "ఇవాళ అదే ముక్క మన మిత్రుడు అంటాడు. వేశారు వేశారని గుండెలు బాదుకునేది ఉత్తర దేశం వాడు. వాడికి మన నర్సుల మీద ప్రేమ పొంగుకొచ్చిందనుకుంటున్నారా? వాడి మొసలి కన్నీళ్ళకి మన గొంతు అరువివ్వాలా?"

"అనుకోవడం నా పని కాదు సార్. వాళ్ళన్నది చెప్పడమే నా పని."

"మీ వదినగారు 'బాంబు వేశారు' అంటారు." ఆయన గొంతు తగ్గించాడు. "మీరు 'పడింది' అనండి. అంతే. ఒక్క మాట. మిగతా సాక్ష్యమంతా ఉన్నదున్నట్టు చెప్పండి. ఏడుపులు చెప్పండి, చచ్చిపోయినవాళ్ళ గురించి చెప్పండి. ఎవరూ కాదనరు."

"రికార్డవుతుంది సార్. నా పక్కన రెండో దుబాసిగా మాస్టారుంటారు."

"మాస్టారికి ఒక చెవి వినపడదని అందరికీ తెలుసు. రికార్డింగు ఎప్పటికో ఎవరో వింటారు. ఇవాళ పేపర్లకెక్కిన మాటే మాట."

దుబాసి మెల్లగా అడిగింది. "పోయినేడు రొట్టెల దుకాణం దగ్గర బతికి బయటపడ్డ ముసలాయన సాక్ష్యం చెప్పాడు కదా. ఆయన మాట నేనిలాగే మార్చుంటే మీరు ఊరుకునేవారా?"

"ఊరుకునేవాణ్ణి కాను."

"మరి?"

"అప్పుడు చంపింది వాళ్ళు, చచ్చింది మనవాళ్ళు."

"ఇప్పుడు చచ్చింది ఎవరు సార్?"

తలుపు పక్కన పేర్చిన కుర్చీల్లో ఒకటి పక్కకి ఒరిగి ఉంటే కార్యదర్శి దాన్ని సరిచేశాడు. సరిచేసిన తర్వాత కూడా చెయ్యి తియ్యలేదు.

"మా అమ్మ మూడో అంతస్తులో ఉంటుంది మేడమ్. మోకాళ్ళు పనిచెయ్యవు. సైరన్ మోగితే అందరూ కిందికి పరిగెడతారు, ఆవిడ మంచం మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. మిత్రదేశం వాళ్ళు పైన కాపలా కాస్తున్నారు కాబట్టి ఇంకా బతికుంది. ఇవాళ ఈ సభలో వాళ్ళ పరువు పోయిందనుకోండి, అక్కడ వాళ్ళ జనం 'ఇంక చాలు, మన విమానాలు వెనక్కి తెచ్చెయ్యండి' అంటారు. మా అమ్మ కోసం నేను ఏ మాటనైనా మారుస్తాను. నన్ను మీరు ఏమన్నా అనుకోండి."

దుబాసికి ఆయన మీద కోపం రాలేదు, అందుకే ఆమెకు భయం వేసింది. దుర్మార్గుడైతే దులపరించేసుకుని వెళ్ళిపోవచ్చు. తల్లిని కాపాడుకోవాలనుకునేవాడికి ఏం చెబుతాం? అయినా లేచి నిలబడింది.

"నేను మార్చలేను సార్. పోయినేడు 'వేశారు' అని నేను చెబితే అంతమంది ఏడ్చారు. ఇవాళ ఆ మాట మింగేస్తే ఆ ఏడుపు కూడా అబద్ధమైపోతుంది. జరగండి."

ఆయన జరగలేదు.

"విమానం నడిపేవాడికి మన ఊళ్ళు తెలియవు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఫలానా చోట వెయ్యి అని కింద నుంచి రేడియోలో ఎవరో ఒకరు ఆ చోటు అంకెలు చదివి చెప్పాలి. ఆ ఆసుపత్రి ఎక్కడుందో చెప్పింది ఎవరనుకుంటున్నారు?"

దుబాసి చెయ్యి తలుపు గొళ్ళెం మీదే ఆగిపోయింది.

"మీ ఆయన," అన్నాడు కార్యదర్శి.

దుబాసి భర్త సైన్యంలో మేజరు. ఉద్యోగం రేడియో దగ్గర. "నేను తుపాకీ పట్టను, ట్రిగ్గర్ నొక్కను. అంకెలు చదివే గుమాస్తాని" అని ఇంట్లో తన మీద తనే జోకులు వేసుకునేవాడు. ఆ అంకెలు దేనివో ఆమె ఎన్నడూ అడగలేదు. అడక్కుండా ఉండటం కూడా ఒక సుఖమే.

ఆ క్షణంలో ఆమె మనసు ఎటు పరిగెత్తిందో చూడండి. ఆయనకి తెలిసుండదు. పైవాళ్ళు చెప్పుంటారు. ఆయన చదవకపోతే ఇంకొకరు చదివేవారు. యుద్ధంలో ఇలాంటివి జరుగుతాయి... అక్కడికి వచ్చేసరికి ఆమె ఉలిక్కిపడింది. ఆ ఆఖరి ముక్క ఎవరిది? పోయినేడు మొహాన ఉమ్మెయ్యాలనిపించినవాడిది.

"'వేశారు' అంటే ఎవరు వేశారు, ఎవరు చెబితే వేశారు అని తవ్వుతారు," అన్నాడు కార్యదర్శి. "'పడింది' అంటే తవ్వడానికేమీ ఉండదు. మీ వదినగారికి ఈ సంగతి తెలియదనుకుంటున్నాం. తెలియకపోవడమే ఆవిడకీ మంచిది, మీకూ మంచిది. ఇంక మీ ఇష్టం."

తలుపు ఆయనే తీశాడు. ఆమె వెళ్ళేందుకు దారి ఇచ్చాడు.

మెట్ల మలుపు దగ్గర జనం తక్కువగా ఉండేచోట ఆగి దుబాసి భర్తకు ఫోన్ చేసింది. సైనిక శిబిరానికి ఫోన్ అంత తేలిగ్గా కలవదు. ఇవాళ మాత్రం మొదటిసారికే కలిసింది. ఎవరైనా ఫోన్ చేస్తారని ఎదురుచూస్తున్నట్టు ఆయనే ఎత్తాడు.

"మీరేనా?" అంది. ఇంకేమీ అనలేదు.

అవతల ఎక్కడో జనరేటరు మోగుతున్న శబ్దం వచ్చింది.

"ఈ లైన్లో మాట్లాడకూడదు."

"ఔనా కాదా చెప్పండి, చాలు."

"పై అంతస్తులో శత్రువుల వైర్‌లెస్ ఉందన్నారు. ఆసుపత్రి ఖాళీ చేసేశారన్నారు. నేను చదివానంతే."

"ఎవరన్నారు?"

"పైవాళ్ళు. నాకెవరు చెప్తారు, పైవాళ్ళు కాక?"

"వదిన పనిచేసేది అక్కడే కదండీ! అంకెలు చదివేటప్పుడు గొంతు ఎలా వచ్చింది మీకు?"

"అక్క ఆ పూట డ్యూటీలో లేదు," అన్నాడు గబుక్కున.

"మీకెలా తెలుసు?"

ఎవరో పిలిచినట్టున్నారు. లేక ఎవరూ పిలవలేదేమో. "ఉంటాను" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ గబుక్కున అనడం దుబాసి చెవిలో ముల్లులా ఉండిపోయింది. పంతొమ్మిదేళ్ళ నుంచి కాపురం చేస్తోంది. ఆలోచించకుండా ఏ మాటా అనే మనిషి కాడు.

దుబాసీలు కూర్చునే గాజుగది సభామందిరం గోడలో, పైన, గూడులా ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళకు చోటుండదు. ముందు గాజు పలక, దానికింద మైకులు, ఎర్రదీపం, దగ్గు వస్తే మైకు ఆపుకోవడానికి ఒక మీట. మాస్టారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. దుబాసికి ఈ విద్య నేర్పింది ఆయనే. గొంతు ఎండిపోకుండా బుగ్గన లవంగం పెట్టుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది.

"ఏమ్మా, మొహం అలా ఉందేం?"

"ఏం లేదు మాస్టారూ."

"ఏం లేదని నువ్వంటే నేను 'చాలా ఉంది' అని అనువాదం చేసుకోవాలి." నవ్వించబోయారు. ఆమె నవ్వలేదు. "మీ వదినేనా? ఆవిడ మాటలు నేను చెప్పనా? నా మంచి చెవి ఇటువైపే ఉందిలే."

ఆ మాటకు దుబాసి ప్రాణం లేచి వచ్చింది. సరేనంటే చాలు. హాయిగా చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోను తీసేసి బయటికి వెళ్ళిపోవచ్చు. మాస్టారు ఏ మాటంటే ఆ మాట, పాపం పుణ్యం ఆయనవి. కానీ కింద, సాక్షి బల్ల దగ్గర వదిన కనిపించింది. ఎవరో ఇచ్చిన కోటు వేసుకుంది. భుజాలు జారి, చేతులు వేళ్ళ దాకా వచ్చేశాయి. ఆసుపత్రిలో పదిమందిని అదిలించి పనిచేయించే మనిషి, బడిలో కొత్తగా చేర్పించిన పిల్లలా బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

"వద్దు మాస్టారూ. నేనే చెప్తాను."

సభ మొదలైంది. ముందు మిత్రదేశపు రాయబారి లేచాడు. తలంతా నెరిసి, చూడగానే గౌరవం కలిగే మనిషి. పోయినేడు బల్ల గుద్దినవాడు ఇవాళ బల్ల మీద చేతులు నెమ్మదిగా ఆనించి మాట్లాడాడు. దురదృష్టవశాత్తూ ఒక బాంబు పడిందన్నాడు. తమ హృదయం బరువెక్కిందన్నాడు. విచారణ జరుపుతున్నామన్నాడు. ఆక్రమించుకున్న ఊళ్ళో శత్రువు ఆసుపత్రుల చాటున దాక్కోవడమే అసలు నేరమన్నాడు.

తర్వాత ఉత్తర దేశపు రాయబారి లేచాడు. పోయినేడు కుర్చీలో జారగిలబడి గోళ్ళు చూసుకున్నవాడు ఇవాళ నిటారుగా నిలబడ్డాడు. వణుకుతున్న గొంతుతో, "బాంబులు వాటంతట అవి పడతాయా? ఎవరో వేస్తేనే పడతాయి! వేసిన చెయ్యి ఎవరిదో ప్రపంచానికి తెలియాలి!" అన్నాడు.

దుబాసి ఇద్దరి మాటలూ ఒకే గొంతుతో తన భాషలోకి దించింది. నాలుకకు ఆ దారులన్నీ తెలుసు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో పోయినేడే అలవాటైంది. మాస్టారు దగ్గు మీట నొక్కి ఆమె చెవి దగ్గరికి వంగారు.

"పోయినేడు మనం చెప్పిన ముక్కలే కదే! నోళ్ళు మారాయంతే. ఇద్దరూ ఉపన్యాసాలు మార్చుకున్నట్టున్నారు."

"అప్పుడు ఒకాయన నిజం చెప్తున్నాడనుకున్నాను మాస్టారూ."

"నిజమే చెప్పాడమ్మా. ఎదుటివాడి గురించైతే ఇద్దరూ నిజమే చెప్తారు."

అధ్యక్షుడు సాక్షిని పిలిచాడు.

వదిన లేవబోతే కూర్చునే చెప్పవచ్చన్నారు. మైకు ఆమె నోటికి దూరంగా ఉంటే ఎవరో వచ్చి దగ్గరికి జరిపారు. దుబాసి మీట మార్చుకుంది. ఇప్పుడిక దిశ మారుతుంది. వదిన సొంత భాషలో మాట్లాడుతుంది, దుబాసి సభవారి భాషలో చెబుతుంది. సాక్షి 'నేను' అంటే దుబాసి కూడా 'నేను' అనాలి. 'ఆమె ఇలా అంటోంది' అనడానికి వీల్లేదు. ఈ వృత్తిలో మొదటి పాఠమే అది.

"పొద్దున వార్డులో పాలిచ్చే వేళ," అంది వదిన. గొంతు పొడిగా ఉంది. "పిల్లల వార్డు కింద ఉంటుంది. ఎముకలు విరిగినవాళ్ళు పైన. వాళ్ళని కదపడం కుదరదు, అందుకే మేం ఊరు ఖాళీ చేసి వెళ్ళలేదు. విమానం చప్పుడు వినపడింది. ఒక బాంబు వేశారు."

వెనక వరసలో కార్యదర్శి తల ఎత్తి గాజుగదివైపు చూశాడు.

అర క్షణం కూడా లేదు. అయినా ఆ అర క్షణంలో దుబాసికి ఎన్ని కనబడ్డాయో! మూడో అంతస్తులో దుప్పటి కప్పుకున్న ఎవరి తల్లో కనబడింది. జనరేటరు శబ్దం మధ్య 'నేను చదివానంతే' అన్న భర్త కనబడ్డాడు. రొట్టెల దుకాణం ముసలాయన కనబడ్డాడు. ఆ ముసలాయన ఈ సభలోనే, ఇదే మైకు ముందు, "వేశారు తల్లీ" అని పైకి చూసి చెప్పాడు.

"ఒక బాంబు వేశారు," అంది దుబాసి సభ భాషలో.

కార్యదర్శి కళ్ళు మూసుకున్నాడు. కింద విలేఖరుల వరసలో కలాలు కదిలాయి.

"జనం పరిగెత్తుకుంటూ వచ్చారు, నేనూ వచ్చాను," అంది వదిన. "రాళ్ళు లాగుతున్నారు. నేనూ లాగుతున్నాను. అప్పుడు రెండోది వేశారు. పొరపాటున ఒకటి జారిందంటే నమ్ముతానేమో. తిరిగొచ్చి మళ్ళీ వేస్తే ఏమని నమ్మమంటారు?"

దుబాసి ఆ మాటలు కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. మాస్టారు నీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపారు. అయిపోయింది, చెప్పాల్సింది చెప్పేశాను అనుకుంది. తలమీద బరువు దిగినట్టు ఒక్క గుక్క నీళ్ళు తాగింది.

అప్పుడు మిత్రదేశపు రాయబారి చెయ్యి ఎత్తాడు.

"సాక్షి బాధను మేం గౌరవిస్తున్నాం," అన్నాడు మర్యాదగా. "ఒక్క సందేహం. మీరు పరిగెత్తుకుంటూ వచ్చినవాళ్ళలో ఉన్నానంటున్నారు. అంటే మొదటి బాంబు సమయంలో మీరు ఆసుపత్రిలో లేరు. అవునా?"

"లేను. ఇంటి దగ్గర ఉన్నాను."

"ఆ పూట మీకు డ్యూటీ ఉందని వైద్యుల సంఘం మాకు చెప్పింది."

"ఉంది."

"తోటి నర్సులందరూ డ్యూటీలో ఉన్నారు. హెడ్ నర్సు మాత్రం ఇంట్లో ఉంది. కళ్ళారా చూడనిదాని గురించి ఇంత గట్టిగా చెబుతున్న సాక్షి, ఆ పూట ఎందుకు వెళ్ళలేదో సభకు చెబితే బాగుంటుంది."

సాక్షిని చిన్నబుచ్చుదామన్నదే ఆయన ఎత్తు. ఏదో సాకు చెబుతుంది, తడబడుతుంది, మాట పలచనైపోతుందనుకున్నాడు. తను తవ్వుతున్నది తన కాళ్ళకిందే అని ఆ పెద్దమనిషికి తెలియదు.

వదిన కోటు చేతులు పైకి మడుచుకుంది, మళ్ళీ దించుకుంది.

"నా బదులు డ్యూటీకి ఒక చిన్నపిల్లని పంపాను. కొత్తగా చేరిన నర్సు. ఆ పిల్ల రాళ్ళకింద దొరికింది," అంది. "నాకు జ్వరమని చెప్పి పంపాను. జ్వరం లేదు. ముందురోజు మా తమ్ముడు ఫోన్ చేశాడు. 'రేపు డ్యూటీకి వెళ్ళకక్కా' అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. నా మీద ఒట్టు, వెళ్ళకు అన్నాడు."

'అక్క ఆ పూట డ్యూటీలో లేదు.'

చెవిలో ముల్లు ఇప్పుడు కదిలింది. ఖాళీ చేసేశారన్నారట! ఖాళీ అయిపోయిన ఆసుపత్రికి వెళ్ళొద్దని అక్కకి ఫోన్ చేసి ఎందుకు చెబుతాడు? తెలుసు. లోపల జనం ఉన్నారని తెలిసే అంకెలు చదివాడు. చదివే ముందు తన అక్కని ఒక్కదాన్ని పక్కకి తప్పించాడు.

'జ్వరం లేదు' అన్నదాకా చెప్పి దుబాసి ఆగిపోయింది, సభ ఎదురుచూస్తోంది. కింద ఒకరిద్దరు, మాట వినపడక, చెవికి తగిలించుకున్నది సరిచేసుకుంటున్నారు. మాస్టారు చెయ్యి తన మీట మీదికి వెళ్ళింది. "నేను తీసుకుంటానమ్మా" అని పెదవులతోనే అన్నారు. దుబాసి తల అడ్డంగా ఊపింది.

"ముందురోజు..." అంది. "ముందురోజు నా తమ్ముడు ఫోన్ చేశాడు. రేపు డ్యూటీకి వెళ్ళకక్కా అన్నాడు."

నా తమ్ముడు! కట్టుకున్న భర్తని ప్రపంచం ఎదుట తమ్ముడని చెప్పవలసి వచ్చింది ఆమెకు. ఏ ఆడదానికీ ఇలాంటి మాట నోట పలకాల్సిన గతి పట్టకూడదు.

మిత్రదేశపు రాయబారి చేతిలో కలం ఆగిపోయింది. పక్కనున్నవాడు ఏదో గొణిగాడు. ఆయన "ఇంక ప్రశ్నలు లేవు" అంటూ కూర్చోబోయాడు. కానీ బల్లకి ఇటువైపు ఉత్తర దేశపు రాయబారి అప్పటికే లేచాడు. ఇందాక వణికిన గొంతు ఇప్పుడు చాలా స్థిమితంగా ఉంది. వలలో ఏదో బరువుగా తగిలిందని జాలరికి తెలిసినట్టు ఆయనకి తెలిసిపోయింది.

"అమ్మా," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "మీ తమ్ముడు ఏం పని చేస్తారు? రేపు బాంబు వేస్తారని ఆయనకి ముందే ఎలా తెలిసింది?"

ఆ ప్రశ్నని వదిన చెవిలో ఆమె భాషలో చెప్పింది దుబాసే. చెప్పి, గాజు పలక మీదికి ఒరిగి చూసింది. తెలియదని చెప్పు వదినా. ఆయన చెప్పలేదని చెప్పు. ఆ ఒక్క మాట చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

వదిన మైకువైపు చూడలేదు. రాయబారివైపూ చూడలేదు. ఇంతసేపట్లో మొదటిసారి తల ఎత్తి, గోడలో పైనున్న గాజుగదివైపు చూసింది. ఇన్నేళ్ళ చుట్టరికంలో మరదలి గొంతు ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఇందాకట్నుంచి చెవిలో వింటూనే ఉంది.

"నన్నెందుకు అడుగుతారు?" అంది వదిన. కళ్ళు తుడుచుకోలేదు. "నా మాటలు మీకు చెప్తోందే, ఆ పిల్లనడగండి. మా తమ్ముడి పెళ్ళామే అది. ఒకే కంచంలో తిని, ఒకే కప్పుకింద పడుకునే మనిషికి తెలియదా? చెప్పవే మరదలా. వాడు ఏం పని చేస్తాడో నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు."

ఆ భాష సభలో చాలామందికి తెలియదు. అయినా సాక్షి చూపు ఎటు వెళ్ళిందో అందరికీ కనిపించింది. ముందు అధ్యక్షుడు తిరిగాడు. తర్వాత ఇద్దరు రాయబారులూ తిరిగారు. ఆ వెనక వరసలన్నీ ఒకటొకటిగా కుర్చీలు జరుపుకుని పైకి చూశాయి. వందల ముఖాలు ఆ మాటల అర్థం కోసం గాజుగదివైపు చూస్తూ ఆగిపోయాయి.

మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దుబాసి నోరు తెరిచింది.